కోన్ ఫిల్టర్ పెట్టిస్తే స్విఫ్ట్‌కి పికప్ వస్తుందా?

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "నాది 2015 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, డబ్బా లేకుండా శంకువు ఆకారంలో ఉండే కోన్ ఫిల్టర్ పెడితే పది హార్స్‌పవర్ పెరుగుతుందని, సౌండ్ కూడా స్పోర్ట్స్ కారులా వస్తుందని యాక్సెసరీస్ షాపులో చెప్పారు. ఆరు వేలు అడుగుతున్నారు. మా బావ తన డీజిల్ స్విఫ్ట్‌కి పెట్టించాడు, సౌండ్ అదిరిపోతోంది. మా మెకానిక్ మాత్రం అంత ఖర్చెందుకు, డబ్బాకి నాలుగు రంధ్రాలు కొడితే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?"

సౌండ్ వస్తుంది. పది హార్స్‌పవర్ రాదు. ఖమ్మం ఎండల్లో, ఊళ్లో ఎక్కువగా తిరిగే కారుకి ఉన్న పికప్ కూడా కొంత పోతుంది. కాబట్టి కోన్ ఫిల్టరూ వద్దు, రంధ్రాలూ వద్దు. మీరు కోరుకునే సౌండ్‌లో చాలా భాగం డబ్బా ఉంచుకునే తెచ్చుకోవచ్చు, అదీ తక్కువ ఖర్చులో. ఎలాగో చెప్పేముందు ఆ పది హార్స్‌పవర్ సంగతి తేల్చుకుందాం. లెక్క చిన్నదే.

మీ ఇంజన్ 1197 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లన్నీ గాలి పీల్చుకుంటాయి. 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3000 సార్లు 1.197 లీటర్లు, అంటే దాదాపు 3590 లీటర్లు. సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు కనుక 85 శాతం వేసుకుంటే 3050 లీటర్లు. ఇంత గాలి ఫిల్టరునీ గొట్టాలనీ దాటి వచ్చేసరికి దాని పీడనం కొంత తగ్గుతుంది. వాతావరణ పీడనం 100 కిలోపాస్కల్ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, దారిలో 1 కిలోపాస్కల్ పోతే ఇంజన్‌కి అందే గాలి 1 శాతం తగ్గినట్టు. పవర్ కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. మీ కారు పవర్ సుమారు 83 హార్స్‌పవర్. అందులో 1 శాతమంటే ఒక హార్స్‌పవర్ కూడా కాదు. షాపువాళ్లు చెప్పిన పది రావాలంటే కంపెనీ డబ్బా ఒక్కటే 12 కిలోపాస్కల్ మింగేస్తూ ఉండాలి. శుభ్రమైన ఫిల్టర్ ఉన్న మామూలు డబ్బా ఫుల్ యాక్సిలరేటర్‌లో మింగేది రెండు మూడు. దాన్ని పూర్తిగా సున్నా చేయగలిగినా దక్కేది రెండు, రెండున్నర హార్స్‌పవర్. సున్నా చేయడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు వేడి సంగతి చూడండి. కోన్ ఫిల్టర్ బానెట్ కింద, రేడియేటర్ వెనక, బట్టలేసుకోకుండా కూర్చున్నట్టు ఉంటుంది. మేలో బయట 44 డిగ్రీలుంటే, సిగ్నల్ దగ్గర ఆగిన కారు బానెట్ కింద గాలి 75 డిగ్రీలకు చేరడం మామూలే. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 44 నుంచి 75కి వెళ్లేసరికి అదే లీటరు గాలి బరువు దాదాపు 9 శాతం తగ్గుతుంది. అడ్డు తగ్గించి రెండు శాతం సంపాదించి, వేడి చేతిలో తొమ్మిది పోగొట్టుకోవడం ఇది. పైగా గాలి వేడిగా ఉందని తెలియగానే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడటం, రాకుండా ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి జరుపుతుంది. దాంతో ఇంకొంత పోతుంది. హైవే మీద 80లో పోతుంటే బానెట్ కిందకి గాలి బాగా ఆడి ఈ తేడా చాలా తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ మీకు పికప్ కావాల్సింది సిగ్నల్ దగ్గర లేచేటప్పుడు, బస్సు వెనక నుంచి బయటికి వచ్చేటప్పుడు. సరిగ్గా అక్కడే ఇంజన్ వేడి గాలి పీలుస్తూ ఉంటుంది. మరి పెట్టించుకున్నవాళ్లకి కారు చురుగ్గా ఎందుకు అనిపిస్తుందంటే, చెవికి గట్టిగా వినబడేది ఒంటికి వేగంగా తోస్తుంది. అందుకే చెవిని నమ్మకుండా కొలిచి చూడమంటున్నాం.

కొలవడానికి డైనో (పవర్ కొలిచే యంత్రం) అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (ఇంజన్ కంప్యూటర్ రీడింగులు చదివే చోటు) పెట్టే బ్లూటూత్ స్కానర్ వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. ఫోన్ యాప్‌లో రెండు రీడింగులు పెట్టుకోండి: ఇంటేక్ మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం, కిలోపాస్కల్‌లో), ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ (ఆ గాలి వేడి). ముందు ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి ప్రెషర్ చూడండి. అది ఆ రోజు మీ ఊరి వాతావరణ పీడనం, 99 లేదా 100 చూపిస్తుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 5500 ఆర్‌పీఎం వరకు తీసుకెళ్లండి. పక్కన ఇంకొకరు కూర్చుని ఫోన్ చూడాలి, నడిపేవాళ్లు చూడకూడదు. మూడో గేర్‌లో అయితే వేగం వంద దాటుతుంది, రెండో గేర్ చాలు. 5500 దగ్గర 96 చూపిస్తే గాలి దారి మొత్తం మీద, థ్రాటిల్ బాడీతో (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజన్‌కి గాలి వదిలే భాగం) కలిపి, పోతున్నది మూడు నాలుగే. అక్కడ సంపాదించడానికి ఏమీ లేదు. 92, 91 చూపిస్తే ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా గాలి తీసుకునే మూతిలో ఆకులో గుడ్డపీలికో ఇరుక్కుని ఉండాలి. ఒక అంకె అటూ ఇటూ పట్టించుకోకండి. టెంపరేచర్ రీడింగ్ మాత్రం ట్రాఫిక్‌లో పావుగంట నడిపాక రాసుకోండి. మార్పులు చేశాక ఇదే రోడ్డు మీద, ఇదే వేళకి మళ్లీ చూడాలి.

78 వేలు తిరిగిన కారులో పికప్ తగ్గిందంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? థ్రాటిల్ బాడీలో నల్లటి మసి పేరుకుందా? జాక్ మీద లేపి చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందా, బ్రేక్ పట్టేస్తోందా? నాలుగో గేర్‌లో తొక్కితే ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. వీటిలో ఒక్కటి బాగుచేసినా ఏ ఇంటేక్ కిట్ ఇవ్వనంత తేడా తెలుస్తుంది. థ్రాటిల్ బాడీ కడిగేటప్పుడు లోపలి రేకుని కీ ఆన్‌లో ఉండగా వేలితో నొక్కొద్దు, ఎలక్ట్రానిక్ మోటార్ గేర్లు పాడవుతాయి.

ఇక అసలు పని. ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. కంపెనీ కాగితం ఫిల్టర్ కొత్తది నాలుగైదు వందల్లో వస్తుంది. మీ ఊళ్లో గ్రానైట్ కోత యూనిట్లున్నాయి, టిప్పర్ల దుమ్ము ఉంది. ఆ దుమ్ములో ఉన్న సిలికా సిలిండర్ గోడల మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే రింగులు అరుగుతాయి, ఆయిల్ తాగడం మొదలవుతుంది. అందుకని మీ వాడకానికి కాగితమే మా ఓటు: ప్రతి 10 వేలకు తీసి చూడండి, 20 వేలకు మార్చేయండి. కంప్రెసర్ గాలితో బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా లోతుగా దిగుతుంది, దగ్గరగా కొడితే కాగితం చిరుగుతుంది. ఆ చిరుగు కంటికి కనబడదు.

కే అండ్ ఎన్, బీఎంసీ లాంటి నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్లు కంపెనీ డబ్బాలోనే సరిపోయే ఆకారంలో దొరుకుతాయి. నకిలీవి చాలా ఉన్నాయి కనుక నమ్మకమైన చోట కొనాలి. కడిగి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు, సౌండ్ కూడా కొద్దిగా తెరుచుకుంటుంది. పవర్‌లో తేడా స్కానర్‌కే తెలియాలి, మీకు తెలియదు. వీటితో తప్పులు కడిగేటప్పుడే జరుగుతాయి. శుభ్రంగా ఉండే లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు వదలాలి, ఎండలో కాకుండా నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, ఒక్కో మడతకీ ఒక్కసారే పలచగా నూనె వేసి ఇరవై నిమిషాలు వదిలేయాలి. తెల్లగా మిగిలిన చోట మాత్రమే మళ్లీ తాకించాలి. ఎక్కువ వేస్తే ఆ నూనె గాలితో పాటు లోపలికి పోయి సెన్సర్ల మీద కూర్చుంటుంది. తక్కువ వేస్తే దుమ్ము ఆగదు.

ఏ ఫిల్టర్ వేసినా డబ్బా మూత సరిగ్గా కూర్చోవడం ముఖ్యం. ఒక మూల పైకి లేచి ఉన్నా క్లిప్పులు బిగిసిపోతాయి, బయటికి అంతా బాగానే కనిపిస్తుంది. బిగించి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక, ఫిల్టర్ నుంచి ఇంజన్ వైపు వెళ్లే గొట్టం ఊడదీసి లోపల తెల్లటి రుమాలుతో తుడవండి. రుమాలు తెల్లగానే వస్తే సరే. ఎర్రటి పొడి సన్నటి గీతలా అంటుకుందంటే, ఆ గీత ఎటు నుంచి వస్తుందో వేలితో వెనక్కి వెతుక్కుంటూ పోండి, సరిగ్గా రబ్బరు అంచు పట్టని చోటికి తీసుకెళ్తుంది. అక్కడ అంచుకి పలచగా గ్రీజు రాసి మళ్లీ కూర్చోబెట్టండి.

తర్వాత చల్లగాలి. డబ్బాకి గాలి తీసుకొచ్చే ప్లాస్టిక్ మూతి ఎక్కడ మొదలవుతుందో వెతికి, దాని లోపలి కొలత స్కేలుతో తీయండి. మూతి 45 మిల్లీమీటర్లే ఉంటే 6000 ఆర్‌పీఎం దగ్గర అందులో గాలి సెకనుకు 32 మీటర్ల వేగంతో పోవాలి. 63 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలుంటే 16 మీటర్లు చాలు. వేగం సగమైతే పీడన నష్టం నాలుగో వంతుకి పడిపోతుంది. కాబట్టి మూతి మరీ ఇరుకైతే మార్చడంలో అర్థముంది. కానీ 63ని 76 చేస్తే ఏమీ రాదు, కిలోపాస్కల్‌లో పదో వంతు కూడా మిగలదు. మూడంగుళాల మెరిసే అల్యూమినియం పైపు అందుకే చూడ్డానికి తప్ప దేనికీ పనికిరాదు. పైగా అల్యూమినియం ఇంజన్ వేడిని గాలికి అందిస్తుంది, ప్లాస్టిక్ అంత అందించదు.

మార్చాలనుకుంటే 63 మిల్లీమీటర్ల, లోపల తీగచుట్టు ఉన్న, వేడికి తట్టుకునే సిలికాన్ గొట్టం అర మీటరు నుంచి 60 సెంటీమీటర్లు తీసుకోండి. ఒక కొస డబ్బా మూతికి స్టీల్ క్లాంపుతో బిగించి, రెండో కొస రేడియేటర్‌కి ముందు, గ్రిల్ వెనక నిలపండి. ఫ్యాన్ బెల్టుకీ ఎగ్జాస్ట్‌కీ దూరంగా రెండు చోట్ల జిప్ టైలతో కట్టాలి. గొట్టం ఎక్కడ కిందికి వంగితే అక్కడ అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెడితే వాన చుక్కలు కారిపోతాయి. కొస దగ్గర పెద్ద కన్నుల జాలీ ఉంచండి, దోమతెర లాంటి సన్నటి జాలీ పెడితే ఇంకో ఫిల్టర్ పెట్టినట్టే అవుతుంది.

కొసని బంపర్ కిందికి మాత్రం దించకండి. చల్లగాలి అక్కడ ఇంకా బాగుంటుందన్న మాట నిజమే, కానీ నీళ్లూ అక్కడే ఉంటాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదల్లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వీధుల్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో అందరికీ తెలుసు. మామూలు వాననాడు అండర్‌పాస్‌లో మోకాలి లోతు చాలు. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకోవు. సిలిండర్‌లోకి నీళ్లు చేరి పిస్టన్ పైకి రాగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకోకపోతే ఆ ఖర్చు సాధారణంగా మీమీదే పడుతుంది. మీ హెడ్‌లైట్ల మధ్య ఎత్తు కంటే ఆ కొస కిందికి ఉండకూడదని గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన సౌండ్. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకి రెండుసార్లు గాలి పీల్చుడు జరుగుతుంది. 3000 ఆర్‌పీఎంలో సెకనుకి 100 సార్లు, 4500లో 150 సార్లు. ఆ గుర్రుమనే మోత కారులోకి రాకుండా కంపెనీవాళ్లు గాలి దారి పక్కన ఒక ఖాళీ ప్లాస్టిక్ బుర్ర తగిలిస్తారు. అది రెసొనేటర్. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలికినట్టు, ఈ బుర్ర కూడా ఒక స్వరానికి స్పందించి ఆ స్వరాన్నే మింగేస్తుంది. అది తీస్తే మోత బయటపడుతుంది. టయోటా జీటీ86లో అయితే కంపెనీయే ఇంటేక్ నుంచి డ్యాష్‌బోర్డు వైపుకి ప్రత్యేకంగా ఒక సౌండ్ గొట్టం వేసింది. ఇంటేక్ మోత కోరుకోవడంలో తప్పేమీ లేదు, అది ఇంజన్ సొంత గొంతు.

కానీ బుర్ర ఎటువైపు ఉందో చూసుకోవాలి. ఫిల్టర్‌కి ముందు, అంటే దుమ్ము గాలి వచ్చే వైపు ఉంటే తీయొచ్చు. ఇంజన్ చల్లారాక దాని బోల్టులు విప్పి, లాగేసి, గొట్టంలో మిగిలిన బెజ్జానికి సరిపడే రబ్బరు మూత పెట్టి క్లాంపు వేయండి. మూత పెట్టకపోతే అదే బెజ్జం బానెట్ కింది వేడి గాలిని పీల్చే దారి అవుతుంది. ఫిల్టర్ తర్వాత, థ్రాటిల్ వైపు ఉన్న బుర్రని మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ వేసిన మూత ఒకరోజు ఊడిందంటే ఇంజన్ నేరుగా రోడ్డు దుమ్ము తింటుంది, మీకు చెప్పేవాళ్లు కూడా ఉండరు. కొన్ని ఇంజన్లలో ఈ బుర్ర తీస్తే 2500, 3000 ఆర్‌పీఎం మధ్య లాగుడు కొద్దిగా పలచబడుతుంది. వారం నడిపి చూసి, నచ్చకపోతే అరగంటలో తిరిగి బిగించేసుకోవచ్చు. మోత యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే వస్తుంది, నెమ్మదిగా పోతుంటే కారు ఎప్పటిలాగే ఉంటుంది. రోజూ ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకి అదే మంచిది కూడా.

డబ్బాకి రంధ్రాల విషయానికొస్తే, మీ మెకానిక్ సలహా కోన్ ఫిల్టర్‌కి పేదింటి తమ్ముడు. ఫిల్టర్‌కి ముందు వైపు కొడితే వేడి గాలి, పొరపాటున వెనక వైపు కొడితే దుమ్ము. గ్రిల్ నుంచి చల్లగాలి తెచ్చుకున్నా ఇంజన్ దగ్గరున్న రంధ్రాల నుంచే ముందు పీలుస్తుంది. కొట్టిన రంధ్రాన్ని వెనక్కి తీసుకోలేం, డబ్బా మొత్తం కొనాల్సిందే.

ఇంత చెప్పినా కోన్ ఫిల్టరే కావాలంటే, కనీసం దాని చుట్టూ మూడు వైపులా రేకు గోడ కట్టి, పైన బానెట్‌కి తగిలే చోట రబ్బరు అంచు వేసి, ఆ గదిలోకి గ్రిల్ నుంచి గొట్టం తేవాలి. డబ్బాలోనో గొట్టంలోనో టెంపరేచర్ సెన్సర్ ఉంటే దాన్ని రబ్బరు గ్రోమెట్‌తో కొత్త పైపులో కూర్చోబెట్టాలి. వైరు ఊడదీసి వదిలేస్తే పీ0113 కోడ్ పడి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. వాల్వ్ కవర్ మీద నుంచి వచ్చే సన్నటి బ్రీదర్ గొట్టాన్ని కొత్త పైపుకి కలపకుండా చాలామంది గాలికి వదిలేస్తారు. దాంతో బానెట్ అంతా నూనె ఆవిరి, లోపలికి దుమ్ము. ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలి ఎంతో కొలిచేది) ఉన్న కార్లలో అయితే లెక్కకి రాని గాలి చొరబడి గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడి పీ0171 కోడ్ వస్తుంది. పైపు బరువు థ్రాటిల్ బాడీ మీద వేలాడకుండా బాడీకి ఒక బ్రాకెట్ కూడా ఉండాలి. ఇవన్నీ చేసే షాపు ఆరు వేలకి చేయదు.

మీ బావగారి డీజిల్ వేరే కథ. ఆయనకి వినిపిస్తున్నది టర్బో ఈల, అది పెట్రోల్ స్విఫ్ట్‌లో రమ్మన్నా రాదు. టర్బో ఎలాగూ గాలిని నొక్కి పంపుతుంది కాబట్టి వేడి దెబ్బ ఆయనకి అంతగా తెలియదు. కానీ ఆ ఇంజన్‌లో గాలిని కొలిచేది ఎంఏఎఫ్ సెన్సర్, సన్నటి వేడి ఫిల్మ్. కోన్ ఫిల్టర్ నూనె దాని మీద పేరుకుంటే గాలి తక్కువ వస్తోందని ఈసీయూ అనుకుని, పొగ రాకుండా డీజిల్ తగ్గిస్తుంది. పైకి ఎక్కేటప్పుడు బండి బరువుగా ఉందంటే ముందు అదే చూడమనండి. ఎంఏఎఫ్ కోసమే అమ్మే స్ప్రేతో దూరం నుంచి కడగాలి, బ్రేక్ క్లీనర్ కొట్టకూడదు, దూదితో ముట్టుకోకూడదు. దుమ్ము దాటితే నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో రెక్కల అంచులు అరిగిపోతాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిలో మార్పులు చేయకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణలతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి 5000 జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా ఉంది. కంపెనీ డబ్బాలో ఫిల్టర్ మార్చుకోవడం మామూలు సర్వీసు పని. కోన్ ఫిల్టర్ మాత్రం బానెట్ ఎత్తగానే కనబడుతుంది. షాపువాళ్లు దాంతోపాటు సైలెన్సర్ కూడా కోస్తామంటే ఆ మాట అక్కడే ఆపేయండి.

రెసొనేటర్ తీస్తే దాన్నీ, దాని బోల్టులనీ, పాత మూతినీ ఒక సంచిలో కట్టి, పైన కారు నంబరు రాసి అటక మీద పెట్టండి. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్లేముందు, కారు అమ్మేముందు పది నంబరు స్పానర్‌తో అన్నీ తిరిగి బిగించేయొచ్చు.